నాలుగు వందల గుర్రాలు

"ఇవాళ బండిని బలం కొలిచే రోలర్ల మీదికి ఎక్కించాల్సిందే తదోకోరో గారూ! నా నాలుగు వందల గుర్రాలనీ వీళ్ళు కళ్ళారా చూడాలి."

హనావా గొంతు వినగానే తదోకోరో చేతిలోని పానా జారి కింద పడింది.

హనావా వెనకాలే మరో నలుగురు, వాళ్ళ పాత కార్లు. ఆదివారం పొద్దున్నే హరునా కొండంతా తిరిగి, తిన్నగా తదోకోరో మెకానిక్ షెడ్డుకి దిగారు.

"గుర్రాలో గాడిదలో తేలిపోతుంది ఇవాళ," అన్నాడు వాళ్ళలో ఒకడైన కురాగానె.

"నీ బండికి గాడిదలు కూడా లేవు కదరా. నిన్న మేం తోస్తేనేగా కదిలింది!" అన్నాడు హనావా.

అందరూ ఘొల్లుమన్నారు. తదోకోరోకి నవ్వు రాలేదు.

ముప్ఫై అయిదేళ్ళ నాటి హనావా కారులోంచి సొంత ఇంజిన్ తీసేసి, పెద్ద కారు తాలూకు ఆరు సిలిండర్ల ఇంజిన్ దింపి, బలం పెంచే టర్బో బిగించింది తదోకోరోనే. నాలుగు వందల హార్స్‌పవర్ అని చెప్పిందీ అతనే. కానీ బండి అప్పగించే ముందురోజు హనావా భార్య మిత్సుయే మిఠాయి పెట్టె పట్టుకుని షెడ్డుకి వచ్చింది. "ఆయనకి యాభై ఎనిమిదేళ్ళు. ఆయనతో నాలుగు వందలనే చెప్పండి. బండిలో మాత్రం మూడు వందలే ఉంచండి. నాకున్నది ఒక్కడే మొగుడు," అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. కాదనలేక, టర్బోకి గాలి వెళ్ళే గొట్టంలో ఓ ఇనుప ఉంగరం అడ్డం పెట్టాడు. గొంతు నొక్కినట్టు. ఆమె నమ్మడం కోసం, చూపించి మరీ పెట్టాడు.

తను చెప్పిన అంకెకి ముప్ఫై ఏళ్ళలో ఒక్క గుర్రం తగ్గనివ్వని మనిషి. ఏడాదిన్నరగా హనావా కనిపిస్తే చాలు, అన్నం సయించడం లేదు.

"రోలర్లు చెడిపోయాయండీ," అన్నాడు.

"అదేమిటి? నిన్న సాయంత్రం నా బండి ఎక్కించారుగా!" అన్నాడు కురాగానె.

"అదే... ఆ తరవాత."

ఒక అబద్ధానికి ఇంకో అబద్ధం తోడు. చెవులు వేడెక్కాయి.

"ఎక్కించెయ్యండి మాస్టారూ, బెట్టు చెయ్యకండి," హనావా అతని భుజం మీద చెయ్యి వేశాడు. "ఎలా లాగుతోందనుకున్నారు! ఈ వేసవి నుంచి మరీ హుషారుగా ఉంది. అంతా మీ చేతి మహిమ."

తదోకోరో కింద పడ్డ పానా తీసి జేబులో పెట్టుకున్నాడు. పాపం, లేని బలాన్ని ఉందనుకుని మురిసిపోతున్నాడు. ఈ పిచ్చి నమ్మకం పెట్టింది తనే.

హనావా కారు ముందు సీట్లోంచి మిత్సుయే దిగింది. మొహంలో నెత్తురు చుక్క లేదు. తదోకోరో వైపు చూసి, ఎవరికీ తెలియకుండా తల అడ్డంగా ఊపింది. వద్దు. చెప్పొద్దంటోందని అర్థమైంది అతనికి.

ఇక అబద్ధం సాగదని, బండిని రోలర్ల మీదికి తెచ్చాడు. వెనక చక్రాల దగ్గర కూర్చుని పట్టీలు బిగించబోయాడు. లేచి నిలబడి, టోపీ తీసి, నడుం పూర్తిగా వంచాడు.

"హనావా గారూ, దీంట్లో నాలుగు వందలు లేవు. మూడు వందలు దాటకుండా నేనే గొట్టంలో ఉంగరం పెట్టాను. మీ వయసు చూసి భయపడ్డాను. ఎవరూ చెప్పలేదు, నా అంతట నేనే చేశాను. మిమ్మల్ని మోసం చేశాను."

ఇందాక వేళాకోళం చేసిన కురాగానె నేల చూపులు చూశాడు.

"ఏడాదిన్నరగా ఊరంతా చెప్పుకుని తిరిగానయ్యా," అన్నాడు హనావా. గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేదనిపించింది తదోకోరోకి. "సరే, ఎక్కించావుగా. నడుపు. నా బతుకెంతో నేనూ చూస్తాను."

తదోకోరో వంచిన తల ఎత్తకుండానే పట్టీలు బిగించి, వెళ్ళి కారులో కూర్చున్నాడు. గేరు వేసి, కాలు పూర్తిగా నొక్కాడు. టర్బో ఈల వేసింది. రోలర్లు గిర్రున తిరిగాయి. రేకుల కప్పు దడదడలాడింది. వేగం చూపే ముల్లు చివరికంటా వెళ్ళాక కాలు తీసి, బలం అంకె పడే తెర వైపు చూడలేక కళ్ళు మూసుకున్నాడు.

బయట కేకలు.

"నాలుగు వందల పన్నెండు!"

తలుపు ఊడేలా లాగి, హనావా అతన్ని బయటికి ఈడ్చి కావలించుకున్నాడు. "ఎంత గడుసువాడివయ్యా! గుండె ఆగినంత పని చేశావు కదయ్యా!"

"నటనకి బహుమతి ఇవ్వాలి. టోపీ తీసి మరీ వంగాడు!" అన్నాడు కురాగానె.

నవ్వుకుంటూ, ఒకళ్ళనొకళ్ళు చరుచుకుంటూ అందరూ వీధి చివర కాఫీ డబ్బాలమ్మే మిషను దగ్గరికి వెళ్ళిపోయారు.

తదోకోరో బానెట్ ఎత్తాడు. చేతులు కాలుతున్నా లెక్కచెయ్యకుండా బోల్టులు విప్పి, గొట్టం తీసి వేలు పెట్టి చూశాడు. ఉంగరం లేదు.

వెనక అడుగుల చప్పుడైంది. మిత్సుయే. ఇందాక అతను వంగినదానికన్నా ఇంకా కిందికి వంగింది.

"నన్ను క్షమించండి. ఆయన రైలెక్కి డ్యూటీకి వెళ్ళాక రోజూ బండి తీసేది నేనే. మీ ఉంగరంతో కొండ ఎక్కుతుంటే ఒళ్ళు మండిపోయి, వేసవిలోనే విప్పి పారేశాను."