ముందు సీటు

ఆరూషా పట్నంలోని ఆఫీసులో గోడకున్న పెద్ద మ్యాపు ముందు ఎవరో ముసలాయన నిలబడి, సిఫాయేలి గీసిన ఎర్రగీతను బొటనవేలితో చెరిపేస్తున్నాడు.

సిఫాయేలి గుమ్మంలోనే ఆగిపోయాడు.

పదకొండేళ్లుగా ఆ సఫారీ కంపెనీకి అతనే హెడ్ గైడు. ఏ బృందం వచ్చినా దారి గీసేది అతనే. ఆ మ్యాపు మీద ఇంకొకరి చెయ్యి పడటం ఇదే మొదలు.

"ఈయన సనారే. ఓడరేవు వాళ్ల టూరుకి ప్లాను వేయడంలో సాయం చేస్తారు" అంది యజమానురాలు అనేసియా.

"నేను సాయం అడిగానా అమ్మా?"

ఆవిడ బృందం జాబితా తీసి అతని చేతిలో పెట్టింది.

రాబోయేవాళ్లు పద్నాలుగుమంది. దారెస్సలాం ఓడరేవులో పనిచేసి రిటైరైనవాళ్లు. ఈ దేశంలోనే పుట్టి ముసలివాళ్లయ్యారు గానీ, ఏనుగును బొమ్మలో తప్ప చూడనివాళ్లే ఎక్కువ.

మూడోరోజు వాళ్లను నేరుగా సెరెంగెటి పార్కు నడిమధ్యకు తీసుకుపోవాలని సిఫాయేలి రాసుకున్నాడు.

సనారే అది కొట్టేశాడు. ఈసారి వానలు ఆలస్యమయ్యాయనీ, గడ్డి దక్షిణాన ఎన్‌డుటు మైదానం వైపే మొలిచిందనీ, వైల్డ్‌బీస్ట్ అనే అడవి పశువుల మందలు అక్కడే ఈనుతున్నాయనీ చెప్పాడు. రెండు రోజులు అక్కడే ఉండాలన్నాడు. రెండు గంటలకోసారి బండి ఆపాలన్నాడు. ఆ వయసులో మోకాళ్లు పట్టేస్తాయట.

అన్నీ సరైన మాటలే. అందుకే సిఫాయేలికి మింగుడుపడలేదు.

ఫోనులో ఆ ప్లాను విన్న బృందం పెద్దావిడ, తమ మోకాళ్ల సంగతి తలచుకున్న మనిషి ఎవరని పేరడిగి మరీ రాసుకుంది.

ఆ రోజు నుంచి ముసలాయన ఏం చేసినా సిఫాయేలికి ఒళ్లు మండేది. అనేసియా స్వయంగా ఆయనకు టీ పోసిచ్చేది. పదకొండేళ్లలో ఆవిడ తనకు ఒక్క కప్పూ పోసివ్వలేదు. కుర్ర డ్రైవర్లు సైతం తన బల్ల వదిలి ఆయన కుర్చీ చుట్టూ చేరుతున్నారు.

ఒకరోజు అందరూ ఉండగా అనేశాడు.

"మ్యాపుకి ముక్కు ఆనించి చూస్తారేం పెద్దాయనా? సింహాన్నీ ఇలాగే చూస్తారా?"

డ్రైవర్లు నవ్వారు.

"అది ఒప్పుకుంటే చూస్తా నాయనా" అన్నాడు సనారే.

ఈసారి ఇంకా గట్టిగా నవ్వారు. ఆ నవ్వు కూడా ఆయన ఖాతాలోకే పోయింది.

బయల్దేరే ముందురోజు మధ్యాహ్నం అనేసియా పిలిచి, సనారే కూడా వస్తున్నారనీ, ఆయన్ను ముందు సీట్లో పక్కన కూర్చోబెట్టుకోమనీ చెప్పింది.

సిఫాయేలి బండి తాళాలు తీసి ఆవిడ బల్ల మీద పెట్టాడు.

"ఆయన ఎక్కితే నేను దిగిపోతా. నా పక్కన కూర్చుని నాకే దారి చెబుతాడా?"

సనారే తలుపు దగ్గరే ఉన్నాడు. అంతా విన్నాడు. ఆయన ముఖంలో కోపం కనబడలేదు.

"వదిలెయ్యమ్మా. బండి నడిపేవాడి మనసు కుదురుగా ఉండాలి" అని చేతికర్ర వెతుక్కుని వెళ్లిపోయాడు.

అనేసియా తాళాలు వెనక్కి తోసింది. చాలాసేపు సిఫాయేలి ముఖం చూడలేదు.

ముందు సీట్లో నీళ్ల సీసాల పెట్టె పెట్టుకుని అతను హాయిగా బయల్దేరాడు.

ఎన్‌డుటు మైదానం కనుచూపు మేరా మందలతో నల్లబడిపోయి ఉంది. బండికి పదడుగుల దూరంలో ఒక దూడ పుట్టింది. రెండుసార్లు తూలిపడి, మూడోసారి లేచి తల్లి వెంట పరుగు తీసింది.

ఓడరేవు వాళ్లలో ఒకాయన టోపీ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

కాసేపటికి బృందం పెద్దావిడ కళ్లు తుడుచుకుంటూ, "ఇక్కడికి తీసుకురావాలని ఎవరికి తోచింది బాబూ, ఆ సనారేకేనా?" అంది.

"కాదమ్మా, నాకే" అన్నాడు సిఫాయేలి.

తిరిగి వస్తుంటే పార్కు గేటు దగ్గర కాపలా అధికారి వంబురా కాగితాలు చూశాడు. ఆ గేటుకు బదిలీ మీద కొత్తగా వచ్చినవాడు. వంగి, ముందు సీటు వైపు చూశాడు.

"సనారే రాలేదా? ఈ బండిలోనే వస్తున్నానని ఫోను చేశాడే."

రాలేదన్నాడు సిఫాయేలి.

వంబురా ముఖం వాడిపోయింది. తామిద్దరూ పాత స్నేహితులమని చెప్పాడు. నెలాఖరుకల్లా సనారే చూపు పూర్తిగా పోతుందని డాక్టరు చెప్పాడట. పోయేలోపు మందల్ని ఒక్కసారి చూడాలని ఆయన కోరిక. ప్లాను వేసిచ్చినందుకు ఆయన అడిగింది ఆ సీటు ఒక్కటేనట.

సిఫాయేలి స్టీరింగు మీద నుంచి చేతులు తీసేశాడు.

"అసలు మీ కంపెనీకి మొదటి హెడ్ గైడు ఆయనే. కళ్లు మసకేయడం మొదలవగానే, ఎవరూ పొమ్మనకుండానే తప్పుకున్నాడు. బబాతి రోడ్డులో ఒక బస్సు డ్రైవరున్నాడు, ఏనుగులు దాటుతుంటే హారను కొట్టకుండా ఇంజిను ఆపేసి కూర్చుంటాడు, అతన్ని పిలిచి తన బండి ఇవ్వమని మీ మేడమ్‌తో చెప్పాడు. తన పేరు మాత్రం బయటపెట్టొద్దని మాట తీసుకున్నాడు."

వంబురా కాగితాలు తిరిగిచ్చాడు.

"ఇంతకీ ఆ డ్రైవరు ఇంకా మీ దగ్గరే ఉన్నాడా?"

పదకొండేళ్ల కిందట ఆ బస్సు నడిపిన సిఫాయేలి, ముందు సీట్లోని నీళ్ల సీసాల పెట్టెను ఎత్తి వెనక్కి పెట్టాడు.