చేప కింద కాగితం

మెలానియా పావ్లివ్నా ఆ పత్రికను కావాలనే వంటబల్ల మీద పరిచి చేపను కోసింది. పేగులు తీసి సరిగ్గా ఆ వ్యాసం మీదే వేసింది. ఎర్రటి నీరు అక్షరాల్లోకి ఇంకింది.

భర్త ఓస్తాప్ ఆసుపత్రిలో పోయి ఆ రోజుకు తొమ్మిదో రోజు. పోయినవాళ్లకు పెట్టే ఆనవాయితీ ప్రకారం ఫొటో ముందు వోడ్కా గ్లాసు, దాని మీద రొట్టెముక్క పెట్టింది. కీవ్ శివార్లలోని పాడుబడ్డ మఠంలో రేడియో వాల్వులు బిగించి లెక్కలు చేసే యంత్రాన్ని నిలబెట్టిన మనిషాయన. అది ఎప్పటికైనా ఆలోచిస్తుందని పాఠాల్లో చెప్పి పైవాళ్లకు కంటగింపయ్యారు. యంత్రాన్ని విరగ్గొట్టించడానికి మాస్కో నుంచి కమిటీ బయలుదేరింది. అది దిగేలోపే ఈ వ్యాసం వచ్చింది. రాసినవాడి పేరు లేదు.

ఓస్తాప్ పగటికలల మోసగాడట. యంత్రం పిల్లలు లెక్కపెట్టుకునే వట్టి పూసల చట్రమట. తప్పు మనిషితోపాటే మట్టిలో కలిసిందట. కమిటీ అది చదివి, పూసల చట్రాన్ని విరగ్గొట్టేదేముందని యంత్రం జోలికి పోకుండా నిన్ననే రైలెక్కింది.

శిష్యుడు దెమిద్ టోపీ తీసి గుమ్మంలో నిలబడ్డాడు. ఆమె కూర్చోమనలేదు.

"బోర్ష్ సూపులో ఉప్పనుకుని పంచదార పోసినవాడు యంత్రానికి బుద్ధి నేర్పుతాడా, అని రాశారు. చూశావా? ఆ పంచదార సంగతి ఈ వంటింటి గడప దాటలేదు. ఆ పూట మాతో కూర్చుని తిన్నవాడివి నువ్వొక్కడివే."

దెమిద్ తల దించుకున్నాడు. ఆ వ్యాసాన్ని పత్రికవాళ్లకు ఇచ్చింది తనేనని ఒప్పుకున్నాడు.

ఆమె అతని కోసం వడ్డించి ఉంచిన బోర్ష్‌ను తొట్టిలో కుమ్మరించింది.

"నీ కొలువు నిలిచింది కదా నాయనా. మేకుకు ఆయన కోటుంది, అదీ తగిలించుకుపో."

"కోటు వద్దమ్మా. ఆ కాగితం ఇవ్వండి చాలు."

"కంపు కొడుతోంది. దాచుకుంటావా?"

అతను బల్ల దగ్గరికి వచ్చాడు. పేగులను వేళ్లతో పక్కకు తీసి, తడి కాగితాన్ని చిరగకుండా చొక్కా అంచుతో అద్దసాగాడు. కమిటీ వెళ్లేదాకా ఆమెకు చెప్పవద్దని మాట తీసుకున్నారనీ, ఆమె ముఖంలో ఏదీ దాగదన్నారనీ మెల్లగా అన్నాడు.

"ఎవరు?"

"ఆసుపత్రిలో ఆయనే చెప్పారు, నేను రాశాను."