పొద్దుగూకేలోపల

అశ్వాపురం దాటి అడవి మొదలైందో లేదో, ఎల్లస్వామి బండి దగ్గి ఆగిపోయింది.

అది మామూలు బండి కాదు. రెండో ప్రపంచ యుద్ధం నాటి మిలట్రీ మోటారు సైకిలు. బొగ్గు గనిలో ఫిట్టరుగా చేసిన తండ్రి గోపయ్య దాన్ని వేలంలో కొన్నాడు. కన్నబిడ్డలకన్నా దాన్నే ఎక్కువ ముద్దు చేశాడు.

భద్రాచలంలో ఏటా పాత బండ్లవాళ్లంతా కలుస్తారు. ఊళ్లోవాళ్లు దాన్ని బండ్ల జాతర అంటారు. అన్నిటికన్నా బాగా నిలబెట్టుకున్న బండికి కప్పు ఇస్తారు. గోపయ్య తొమ్మిదేళ్లు వరసగా వెళ్లి, తొమ్మిదేళ్లూ ఉత్త చేతులతో తిరిగొచ్చాడు. నిరుడు కన్నుమూశాడు.

ఈ ఏడు, పంతొమ్మిది వందల తొంభై రెండులోనైనా నాన్న బండికి కప్పు తేవాలని ఎల్లస్వామి పంతం పట్టాడు.

వెంట బయలుదేరిన బండ్లలో ఎనిమిది ముందుకు పోయాయి. స్నేహితుడు బొజ్జయ్య ఒక్కడే తన బండి ఆపాడు.

"లారీల ఎక్కిద్దామా?" అన్నాడు బొజ్జయ్య.

"లారీల పోతే జాతరల అడుగు పెట్టనియ్యరు. బండి తన చక్రాల మీదనే రావాలె."

పాత బండ్లవాళ్లది అదో పిచ్చి లోకం. వాళ్ల నియమాలు వాళ్లవి.

ఎల్లస్వామి మాగ్నెటో విప్పి చూశాడు. లోపల నిప్పురవ్వ పుట్టించే పాయింట్లు విరిగి ఉన్నాయి. గోరంత ముక్కలు. కానీ ఎంత పెద్ద పట్నంలో వెతికినా దొరకవు.

"అయిపాయె," అని ఎల్లస్వామి రోడ్డు పక్కన కూలబడ్డాడు.

అంతలో అచ్చం అలాంటి బండి మీదే ఒక ముసలాయన వచ్చాడు. ఆ బండి హెడ్‌లైటు తాడుతో కట్టి ఉంది. రంగు ఎప్పుడో పోయింది. వెనక సీటు మాత్రం బారెడు పొడుగుంది, దానికి రెండు తోలు పట్టీలు వేలాడుతున్నాయి.

"ఏమైంది బిడ్డా?"

ఎల్లస్వామి విరిగిన ముక్కలు చూపించాడు. నాన్న సంగతి, కప్పు సంగతి కూడా చెప్పుకున్నాడు.

ముసలాయన గొంతుక్కూచుని తన బండి పాయింట్లు ఊడదీశాడు.

"గివ్వి పెట్టుకో."

"మరి నీ బండి, తాతా?"

"తోసుకుంట పోత. గా మలుపు అవతలనే మా తండా. హాతీరాం అంటే ఎవరన్న చెప్తరు. గాని పొద్దుగూకేలోపల తెచ్చియ్యాలె. రాత్రిపూట బండి లేకుంటె కాదు బిడ్డా."

"మా నాయన మీద ఒట్టు తాతా. తెచ్చిస్త."

హాతీరాం బండి తోసుకుంటూ మలుపు తిరిగాడో లేదో, బొజ్జయ్య పకపకా నవ్వాడు.

"గా పట్టీలు చూసినవా ఎల్లన్నా? ఇప్పసారా డబ్బాలు కట్టనీకె. గందుకే రాత్రికి బండి కావాల్నట!"

ఎల్లస్వామి కూడా నవ్వాడు. పాపం, సాయంత్రానికి ఆ నవ్వే అతనికి సాకుగా పనికొచ్చింది.

జాతరలో పెద్దలు బండిని అంగుళం అంగుళం పరీక్షించారు. మాగ్నెటో దగ్గర ఆగిపోయారు.

"అసలు పాయింట్లు! యాడ దొరికినయ్?"

"మా నాయన దాచిపెట్టిండు," అన్నాడు ఎల్లస్వామి. నోరు జారిన అబద్ధం కాదది. తెలిసే ఆడాడు.

"రేపు పొద్దున ఒక్క కిక్కుకు లేస్తే కప్పు నీదే. అందాక బండి ఈ మైదానం దాటొద్దు."

ఎల్లస్వామికి అన్నం సయించలేదు. పొద్దు గోదావరి వైపు వాలుతోంది.

"బొజ్జన్నా, ముసలాయనకు మాటిచ్చిన. పాయింట్లు ఇప్పుకోని నీ బండి మీద ఇచ్చొద్దాం పా."

"ఇప్పితే రేపు బండెట్ల లేస్తది? మీ నాయన తొమ్మిదేండ్లు తిరిగిన కప్పు. సారా ఒక్క రాత్రి ఆగితే ఎవరి కొంప మునుగుతది?"

ఎల్లస్వామి లేచాడు. మళ్లీ కూచున్నాడు. పొద్దు గూకింది.

మర్నాడు ఒక్క కిక్కుకే బండి గర్జించింది. కప్పు చేతికొచ్చింది. అందరూ చప్పట్లు కొడుతుంటే ఎల్లస్వామికి మాత్రం లోపల ముల్లు గుచ్చుకుంటూనే ఉంది. ఫొటోకు కూడా ఆగలేదు. పాయింట్లు ఊడదీసి, మిఠాయి పొట్లం కట్టించుకుని, బొజ్జయ్య బండి మీద తండాకు బయలుదేరాడు.

తండా నిండా జనం. లంబాడీలు, కోయలు, చంటిపిల్లల తల్లులు. అడవి బాటల వెంట ఇంకా వస్తూనే ఉన్నారు.

హాతీరాం గుడిసె ముందు అతని భార్య మంగ్లి కూచుని ఉంది.

"తాత ఏడమ్మా? పాయింట్లు తెచ్చిన."

ఆమె అతని చేతిలోని ముక్కలకేసి చూసింది. అందుకోలేదు.

"పొద్దుగూకినంక గుండెల నొప్పన్నడు. అల్లుడు బండి మీద కూసోని కిక్కు కొట్టిండు, కొట్టిండు, ఏడ్చిండు. మంచం మీద మోసుకపోయిన్రు. రోడ్డెక్కకముందే పానం పోయింది."

ఎల్లస్వామి మిఠాయి పొట్లం వెనక్కి దాచుకున్నాడు.

"వేరే బండి... ఏదన్న..."

"ఈ అడవిల ఇంకేం బండి ఉన్నది బిడ్డా?" మంగ్లి జనం వైపు చూసింది. "పురుడొచ్చినా, పాము కుట్టినా, ఇరవై ఏండ్ల సంది గీళ్లందరినీ గా పట్టీల సీటు మీద దవాఖానాకు చేర్చినోడు ఆయనే, నిన్న ఆయన్ని చేర్చనీకె ఎవ్వరు లేకపాయిరి."