లాలాగూడ అంతర్యుద్ధం

టీవీలో నలుగురు మేధావులు కూర్చుని, ఈ దేశంలో అంతర్యుద్ధమంటూ వస్తే దేనివల్ల వస్తుందా అని గొంతులు చించుకుంటున్నారు. ఒకాయన కులమన్నాడు. ఒకాయన నీళ్ళన్నాడు. మూడో ఆయన ఏమన్నాడో నాలుగో ఆయన అరుపుల్లో వినపడలేదు.

అనసూయమ్మ టీవీ కట్టేసింది. ఆ పెద్దమనుషులు లాలాగూడ వచ్చి ఉంటే ఇంత శ్రమ ఉండేది కాదు. ఇక్కడ యుద్ధానికి కారణమేమిటో గల్లీలో ఎవరినడిగినా చెబుతారు. జల్లెడ పార్టీ జెండా పోయింది.

ఆమె ఇంటి గోడ పక్కనే రెండు జెండా గద్దెలు. ఒకటి జల్లెడ పార్టీది, ఒకటి చెంబు పార్టీది. మొన్న సాయంత్రం ఆమె తొక్కు పెట్టే హడావిడిలో ఉండగా గాలిదుమారం లేచింది. చినుకు రాలలేదు గానీ, ఆరబెట్టిన మామిడి ముక్కలు దుమ్ముకొట్టుకుపోతాయని మిద్దె మీదికి పరుగెత్తింది. తెల్లారి చూస్తే చెంబు జెండా చెక్కుచెదరలేదు. జల్లెడ జెండా లేదు.

కొడుకు రాజేందర్ జల్లెడ పార్టీకి గల్లీ అధ్యక్షుడు. చెంబు పార్టీ అధ్యక్షుడు పక్కింటి కిషన్. ఈ సాయంత్రం కర్రలతో తేల్చుకుందామని ఇరుపక్షాలూ మాట అనుకున్నాయి. ఎవరి తల పగిలినా అనసూయమ్మకు ఒకటే. చిన్నప్పుడు ఇద్దరికీ ఒకే కంచంలో కలిపి ముద్దలు పెట్టింది. గొడవ మొదలైన దగ్గర్నుంచి ఆమెకు ముద్ద దిగడం లేదు.

"అది మామూలు జెండా గాదే అమ్మా! అస్సల్ నూలు బట్ట. మల్లెపువ్వు లెక్క తెల్లగ, నడిమిట్ల జల్లెడ. కిషన్‌గాడే తీసిండు."

"గాలికి పోయిందేమోరా."

"గాలికి పోతే వానిది సుత పోవాలె గద!"

"వాడు కట్టిన ముడి వేరు, నువ్వు కట్టిన ముడి వేరు. పదో తరగతి దాక నీ బూట్ల లేసులు నేనే కట్టిన."

రాజేందర్‌కు ఒళ్ళు మండింది. ఎంత నాయకుడికైనా ఇంట్లో ఉన్న పరువు అంతే.

మధ్యాహ్నం ఆమె కిషన్‌ను అన్నానికి పిలిచింది.

"కొట్టుకునేదుంటే తిని కొట్టుకోన్రి. ఖాళీ కడుపుతోని ఏం కొట్టుకుంటరు?"

ఆమె పిలిస్తే రానని చెప్పే ధైర్యం చెంబు పార్టీలో ఎవరికీ లేదు. ఇద్దరూ పక్కపక్కనే కూర్చున్నారు, మొహాలు మాత్రం చెరో గోడవైపు.

"కొత్త తొక్కు తెస్తా" అంటూ కోడలు స్వర్ణలత వంటింట్లోకి నడిచింది.

"జాడి ముట్టకు!"

ఆ కేకకు కిషన్ చేతిలో ముద్ద జారింది.

"తడి చెయ్యి తగిల్తే బూజు వడ్తది. నేను తప్ప ఎవ్వరు ముట్టొద్దు."

స్వర్ణలతకు ఈ పాట కొత్త కాదు, ఏటా ఎండాకాలంలో వింటున్నదే. మూతి ముడుచుకుని పక్కకు తప్పుకుంది. అనసూయమ్మే లోపలికి వెళ్ళి గిన్నెలో తొక్కు తెచ్చి వడ్డించింది.

నాలుగు ముద్దలు తినేసరికి కిషన్ కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"పెద్దమ్మా, నీ మీద ఒట్టు. జెండా నేను తియ్యలే."

"నాకెరుకే బిడ్డా."

"గంత గట్టిగ ఎట్ల చెప్తున్నవే?" అన్నాడు రాజేందర్.

"అబద్ధమాడితే వాని చెవులు ఎర్రగైతయి. చూస్కో."

రాజేందర్ వంగి చూశాడు. ముక్కు ఎర్రబడింది గానీ అది కారానిది. చెవులు మామూలుగానే ఉన్నాయి. కాసేపు అన్నం కెలికాడు.

"వానికి ఇంకో ముక్క ఎయ్యవే" అన్నాడు చివరికి.

"కొత్త జెండా నేను తెస్తా తియ్" అన్నాడు కిషన్. "ముడి సుత నేనే కడ్తా."

రాజేందర్ ఆపుకుందామనుకునేలోపే నవ్వేశాడు.

సాయంత్రం కర్రలు రాలేదు. చెంబు పార్టీ అధ్యక్షుడు జల్లెడ జెండా ఎగరేశాడు. ఇంత వింత లాలాగూడ ఎన్నడూ చూడలేదు. ఎదురింటి కలీముల్లా రైల్వే వర్క్‌షాపులో రిటైరైన మనిషి, ఊరికే ఎవర్నీ మెచ్చుకోడు. ఆయన కూడా చేతులు జోడించాడు.

"అమ్మా, మీరు ఢిల్లీల ఉండాల్సినోళ్ళు. దేశం జెర సల్లగుంటుండె."

అందరూ చప్పట్లు కొట్టారు. అనసూయమ్మ తలెత్తలేకపోయింది.

"నన్నెందుకు మెచ్చుకుంటరయ్యా" అని గొణుక్కుంటూ ఇంట్లోకి నడిచింది. పెద్దమనిషికి ఎంత వినయమో అనుకున్నారు.

వంటింటి తలుపు దగ్గరగా వేసి, ఆమె తొక్కు జాడీ మూతికి తెల్లటి నూలు గుడ్డను మళ్ళీ వాసెన కట్టి, జల్లెడ బొమ్మ బయటికి కనపడకుండా లోపలికి మడిచి ముడేసింది.