నెలంతా ఉన్నట్టే

"హెల్త్ ఇన్సూరెన్స్‌లో మీరిద్దరేగా?" వాళ్ల టాక్సు రిటర్ను నింపుతూ అడిగాడు ముసలి ఆడిటరు.

"ముగ్గురమండీ," అన్నాడు భర్త.

ఆమె ఉలిక్కిపడింది. ఆస్పత్రి నుంచి ఒట్టి చేతులతో ఇంటికొచ్చిన నాటి నుంచి అతను పాప మాటే ఎత్తలేదు. ఉయ్యాల కూడా ఆమె కంటపడకుండా ఎవరికో ఇచ్చేశాడు. ఎంత రాతిగుండె అనుకుంది.

"మూడో మనిషెవరు బాబూ?"

"మా పాప. పుట్టగానే వరండాలోంచి ఇన్సూరెన్స్ వాళ్లకి ఫోన్ చేసి చేర్పించాను. సాయంత్రానికే..."

ఆడిటరు చేతులు కీబోర్డు మీదే ఆగిపోయాయి. "ఇన్సూరెన్స్‌లో ఒక్క పూట ఉన్నా, ఇక్కడి రూలు ప్రకారం ఆ నెలంతా ఉన్నట్టే రాయాలి. పేరు పెట్టారా?"

"లేదండీ," అనబోయింది ఆమె. ఈలోగా భర్త పేరు చెప్పేశాడు.

కడుపుతో ఉన్నప్పుడు ఆమె ముచ్చటపడితే, "ముసలమ్మ పేరులా ఉందే" అని అతను వెక్కిరించిన పేరే అది.

"ఫోన్లో పేరడిగారు. నీకింకా మెలకువ రాలేదు. నీకిష్టమని అదే చెప్పాను," అన్నాడు తలెత్తకుండా.

ఆమె బల్ల కింద అతని చెయ్యి వెతికి పట్టుకుంది.

"రాయండి బాబాయిగారూ. నెలంతా ఉన్నట్టే రాయండి."