విడగొట్టిన పేరు

పదో తరగతి బి సెక్షన్ ఒక్కసారిగా గొల్లున నవ్వింది.

తెలుగు పండితులు గోపాలకృష్ణమూర్తి గారు శ్లేషాలంకారం చెబుతున్నారు. ఒకే మాటకి రెండర్థాలొస్తే శ్లేష. మాటని విడగొడితే రెండో అర్థం వచ్చేది సభంగ శ్లేష. విడగొట్టకుండానే వచ్చేది అభంగ శ్లేష. ఉదాహరణ కోసం ఆయన అటూ ఇటూ చూశారు. కిటికీ అవతల వరండాలో దీనమ్మ కనిపించింది.

బోర్డు మీద ‘దీనమ్మ’ అని రాశారు.

“కలిపి చదివితే పేరు. విడగొడితే ఏంట్రా?”

‘దీని అమ్మ’ అని పిల్లలే విడగొట్టారు. ఆ నవ్వు వరండా అంతా వినిపించింది.

దీనమ్మ చేస్తున్న పని ఆపేసింది.

అది తనకి పెట్టిన వాళ్ల నాయనమ్మ పేరు. ఆ పేరు మీద వెక్కిరింపులు దీనమ్మకి కొత్త కాదు. బస్సులో, సంతలో, కుళాయి దగ్గర ఎవరో ఒకరు అంటూనే ఉంటారు. వాళ్లకేం తెలుసులే అని వదిలేసేది. కానీ ఈయనకి తెలుసు. మాట విలువ తెలిసిన మనిషి. అందుకే ఈసారి వదిలేయలేకపోయింది.

పైగా అలంకారాలంటే ఆవిడకి ప్రాణం. ఉత్ప్రేక్ష, అర్థాంతరన్యాసం, వ్యాజస్తుతి... ఆ పేర్లని బెల్లం ముక్కల్లా నోట్లో వేసుకుని తిప్పుకునేది. మొగుడు ‘ఆకలికి ప్రాణం పోతోందే’ అంటే, ‘అతిశయోక్తి’ అంటూ అన్నం వడ్డించేది. మొన్నటికి మొన్న కొవ్వూరు బజార్లో మిరపకాయలవాడు కసురుకుంటే, ‘కొవ్వూరులో కొవ్వూరును’ అని యమకం కట్టింది. మొదటిది ఊరు, రెండోది వాడి ఒంట్లో ఊరే కొవ్వు. కొత్త బ్రిడ్జి మీద బస్సు గోదావరి దాటి రాజమండ్రి చేరేదాకా తనలో తనే నవ్వుకుంది.

అంత ముద్దొచ్చే విద్యని తీసుకొచ్చి ఇవాళ ఆయన తన మొహం మీద ఉమ్మేశారు.

పన్నెండేళ్ల సర్వీసు. పోతే పోనీ ఉద్యోగం, అనుకుంది. తిన్నగా క్లాసులోకి వచ్చేసింది.

“ఏంటి దీనమ్మా? పాఠం జరుగుతుంటే ఏంటిది?”

“మీ పాఠం గురించేనండి. శ్లేషలో రెండర్థాలూ సందర్భానికి అతకాలని మీరే చెప్పారు. ‘దీని అమ్మ’ అంటే దీనికి తల్లి అని. అందులో తిట్టెక్కడుందండి? మాటలో ఉందా, అనే నోట్లో ఉందా?”

నవ్వులు టక్కున ఆగిపోయాయి.

“ఏదో సరదాకి అన్నాను. దానికింత కోపమా?”

“అయితే నేనూ సరదాకే అంటానండి. మీ పేరూ శ్లేషే. విడగొట్టక్కర్లేదు కూడా, అభంగం. గో అంటే ఆవు. గో అంటే మాట కూడా అని మూడేళ్ల కిందట మీరే చెప్పారు. అంటే గోపాలుడు మాటని కాపాడేవాడైనా కావాలి, మందని తోలేవాడైనా కావాలి. ఇందాక మీరు మాటని కాపాడారా, మందని తోలారా?”

ముందు బెంచీలో సత్యలక్ష్మి అనే పిల్ల గబగబా నోట్సులో రాసుకుంది. పుస్తకంలో ఉదాహరణ కంటే ఇదే బాగుందనుకుందో ఏమో.

పండితులు గారి మొహం కందగడ్డలా అయింది.

“హెడ్మాస్టరు గారితో చెప్పానంటే నీ సంగతి...”

“చెప్పండి. ఆయన్ని ఇక్కడికే పిలవండి. బోర్డు మీద మీరు రాసింది కూడా చూస్తారు.”

ఆయన బోర్డు వైపు తిరిగారు. డస్టర్ తీసుకుని ఆ పేరు తుడిచేశారు. వెనక్కి తిరక్కుండానే అడిగారు.

“ఇదంతా ఎక్కడ నేర్చుకున్నావు?”

“మీ దగ్గరేనండి. ఆ కిటికీ అవతల నుంచి.”

పేరు చెరిగింది గాని కోపం చల్లారలేదు. నలభై మంది పిల్లల ముందు నిటారుగా నిలబడింది.

పన్నెండేళ్లలో చేతిలో చీపురు లేకుండా దీనమ్మ ఆ గదిలో అడుగుపెట్టడం అదే మొదటిసారి.