సరే అనే ప్రోగ్రాం

ప్రోగ్రాం ఆపడానికి జితేంద్ర కంట్రోల్-సి నొక్కిన ప్రతిసారీ స్క్రీన్ మీద "సరే, ఆపుతున్నా" అని వస్తోంది. ఆగడం మాత్రం లేదు.

"ఏం రాశావిది? దిమాగ్ ఉందా నీకు?" అని భార్య మీద అరిచాడు. మిడిల్ పాయింట్‌లోని బోటు టికెట్లమ్మే ఆ చిన్న ఆఫీసు ఇద్దరిదీ.

"ఆపమనే సిగ్నల్ అందుకునే ముక్క రాసింది నువ్వే," అంది జాహ్నవి. "ప్రోగ్రాం బోటు నుంచి వచ్చే మెసేజ్ కోసం కాచుకుని కూర్చుంది. నువ్వు పిలిస్తే సరే అంటుంది, మళ్ళీ అక్కడే కూర్చుంటుంది."

"సరే అన్నాక లేవాలి కదా!"

"సరే అనడం ఒక్కటే రాశావు. అక్కడ ఎర్రర్ విసరాలి, ఆ ఎదురుచూపు తెగేలా. అప్పుడే లేస్తుంది."

"నాకే పాఠాలా?"

"మీ అన్నయ్య కస్టమర్ల ముందు నన్ను నౌకరానీ అంటున్నాడు, ఆపించమని ఎన్నిసార్లు చెప్పాను?"

"ఇప్పుడదెందుకు?"

జాహ్నవి ఆఫీసు తాళాలు తీసి విసిరింది. అవి కీబోర్డు మీద ఠప్పున పడ్డాయి.

"తుష్నాబాద్ పోతున్నా, మా అమ్మ దగ్గరికి. ఇంక రాను."

జితేంద్ర కంగారుగా లేచాడు. "సరే, సరే! అన్నయ్యకి చెప్తాలే!"

అనేశాక గానీ ఆ 'సరే' అతనికి వినపడలేదు.